ఆయనకూ నా వయసేనా?



మా నిజామాబాద్, కామారెడ్డి వైపు ఊళ్లలో జాతర జరిగినా, హోలీ వచ్చినా సాయంత్రం కుస్తీ పోటీలు ఉండాల్సిందే. ఊరి జనమంతా గుండ్రంగా కూర్చుంటారు. మధ్యలో గుల్ల చేసిన మెత్తటి నేల. ఒక పక్కన డప్పులు. వెండి కడెం కోసం పట్టే పెద్ద పహిల్వాన్లు చివర్లో దిగుతారు. ముందు దిగేది పిల్లలు. వాళ్లది కొబ్బరికాయ కుస్తీ. గెలిచినవాడికి కొబ్బరికాయ ఇస్తారు.

నేను మొదటిసారి మట్టిలో దిగింది ఆ కొబ్బరికాయ కోసమే. అప్పుడు నాకు ఎన్నేళ్లో నాకు తెలియదు. మమ్మల్ని జత చేసిన వస్తాదుకూ తెలియదు. ఆయన వయసు అడగలేదు. ముందుకొచ్చిన పిల్లల మెడ మీద చెయ్యి వేశాడు, భుజం నొక్కాడు, మణికట్టు పట్టుకుని చూశాడు. ఒకణ్ని తెచ్చి నా పక్కన నిలబెట్టి, రెండడుగులు వెనక్కి జరిగి ఇద్దర్నీ చూశాడు. "వీడు నీకు జోడు కాదు. నువ్వు కూసో బిడ్డా" అని వాణ్ని పంపించేశాడు. ఇంకొకణ్ని తెచ్చాడు. "ఆఁ, ఇది జోడు" అన్నాడు. మేమిద్దరం ఎంతసేపు పెనుగులాడినా ఎవరి వీపూ మట్టికి తగల్లేదు. "బరాబర్" అన్నాడు వస్తాదు. కొబ్బరికాయ పగలగొట్టి చెరో చిప్ప చేతిలో పెట్టాడు.

పెద్దయ్యాక నేను వ్యాయామ ఉపాధ్యాయుణ్నయ్యాను. ముప్పై ఏళ్లు బడిపిల్లలకు ఆటలు నేర్పాను. ఆ ముప్పై ఏళ్లలో మట్టి పోయి మ్యాట్ వచ్చింది. వస్తాదు చేతి బదులు తూకం మిషన్, పుట్టిన తేదీ కాగితం వచ్చాయి. రావాల్సిందే. వస్తాదు చూపు ఒక ఊరికి సరిపోతుంది. జిల్లా నలుమూలల నుంచి వందల మంది పిల్లలు వచ్చినప్పుడు ఒక మనిషి కంటిమీద ఆధారపడలేం. ఆ కన్ను తన శిష్యుడి వైపు మొగ్గదనీ చెప్పలేం. అందరికీ ఒకటే కొలత ఉండాలి. కాకపోతే, ఆ కొలతలు వచ్చాక జోడు కుదిరిందా అన్న ప్రశ్న తీరిపోయిందని మనం అనుకున్నాం. అది తీరలేదు. ఈ రోజు మీతో మాట్లాడాలనుకున్నది ఆ సంగతే.

ముందు నియమాలు చూద్దాం. ప్రపంచమంతటా కుస్తీని నడిపే సంస్థ యునైటెడ్ వరల్డ్ రెజ్లింగ్. పిల్లల్ని, యువకుల్ని అది వయసును బట్టి విభాగాలు చేసింది. 15 ఏళ్లలోపు విభాగంలో 14, 15 ఏళ్ల పిల్లలు ఆడతారు. డాక్టరు ధ్రువపత్రం, తల్లిదండ్రుల అనుమతి ఉంటే 13 ఏళ్లవాళ్లనూ రానిస్తారు. 17 ఏళ్లలోపు విభాగం 16, 17 ఏళ్లవాళ్లది. 20 ఏళ్లలోపు విభాగం 18 నుంచి 20 ఏళ్లవాళ్లది. వీటిలోనూ ఒక ఏడాది చిన్నవాళ్లకు అదే షరతు మీద చోటుంది. 17 ఏళ్లలోపు పిల్లలకు ఆట రెండు నిమిషాల చొప్పున రెండు రౌండ్లు. ఆపైన మూడు నిమిషాల చొప్పున రెండు రౌండ్లు. మన స్కూల్ గేమ్స్‌లో 14, 17, 19 అని మెట్లు వేరుగా ఉంటాయి. మెట్టు ఎక్కడున్నా గీత గీతే.

ఈ లెక్కంతా పుట్టిన సంవత్సరం మీద నడుస్తుంది. 2026నే తీసుకుందాం. 15 ఏళ్లలోపు విభాగంలో 2011, 2012 సంవత్సరాల్లో పుట్టినవాళ్లు ఆడతారు. డాక్టరు పత్రం తెస్తే 2013లో పుట్టినవాళ్లూ ఆడొచ్చు. అంటే 2011 జనవరి 1న పుట్టిన కుర్రవాడు, 2013 డిసెంబర్ 31న పుట్టిన కుర్రవాడు ఒకే మ్యాట్ మీద ఎదురుపడొచ్చు. ఇద్దరి మధ్య ఒక్క రోజు తక్కువ మూడేళ్లు. ఇప్పుడు ఇంకో జంటను చూడండి. ఒకడు 2011 డిసెంబర్ 31 రాత్రి పుట్టాడు, ఇంకొకడు తెల్లవారి పుట్టాడు. మరుసటి ఏడాది మొదటివాడు పెద్ద విభాగంలోకి వెళ్తాడు. డాక్టరు పత్రంతో వచ్చేవాళ్లను పక్కనపెడితే అక్కడ అందరికంటే చిన్నవాడవుతాడు. రెండోవాడు చిన్న విభాగంలోనే ఉండి అందరికంటే పెద్దవాడవుతాడు. వాళ్లిద్దరి మధ్య ఉన్నది ఒక్క రాత్రి.

కుస్తీలో బరువు విభాగాలు ఉన్నాయి కదా, వయసు తేడాను తూకం సరిచేస్తుంది కదా అని మీరు అడగొచ్చు. నిజమే. 15 ఏళ్లలోపు బాలుర ఫ్రీస్టయిల్‌లో 38 కిలోల నుంచి 85 కిలోల దాకా పది విభాగాలున్నాయి. తూకం చాలా నిక్కచ్చి. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఫైనల్ చేరిన వినేశ్ ఫోగట్ రెండో రోజు ఉదయం 50 కిలోల కంటే 100 గ్రాములు ఎక్కువ తూగితే ఆమెను పోటీ నుంచే తప్పించారు. అంత కచ్చితమైన కొలత మన చేతిలో ఉంది. ఆ కొలత చూసేది బరువును. ఆ బరువులో ఎముక ఎంత, కండ ఎంత, ఇంకా పసితనం ఎంత అన్నది దానికి తెలియదు.

ఇక్కడ ఒక అనుభవం చెప్పాలి. చాలా ఏళ్ల కిందటి మాట. మా బడి నుంచి ఒక కుర్రవాణ్ని పోటీలకు తీసుకెళ్లాను. తొమ్మిదో తరగతి. పట్టుదల ఉన్నవాడు. కాళ్లు అందుకోవడంలో వాడి వేగం చూసి నాకు చాలా ఆశ ఉండేది. తూకం సరిగ్గా కుదిరింది. అవతలి కుర్రవాడి తూకమూ అంతే. కాగితం మీద పుట్టిన ఏడాదీ ఒకటే. ఇద్దరూ చేతులు కలపడానికి ఎదురెదురుగా నిలబడితే నా గుండె జారింది. అవతలివాడికి నున్నగా దిద్దిన మీసకట్టు. మెడ, భుజాలు ఒక మనిషివి. మావాడి గొంతు కూడా ఇంకా మారలేదు. నిమిషం తిరక్కుండానే ఆట అయిపోయింది. మావాడికి దెబ్బ తగల్లేదు. లేచి, చెయ్యి కలిపి, వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

తిరుగు ప్రయాణంలో బస్సు కిటికీ పక్కన కూర్చుని చాలాసేపటి దాకా ఏమీ మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అడిగాడు. "సార్, ఆయనకూ నా వయసేనా?"

ఆ మాటలో 'ఆయన' అన్నది నన్ను పట్టుకుంది. తోటి పిల్లవాణ్ని ఏ పిల్లవాడూ ఆయన అనడు. వాడు అంటాడు. మావాడు కావాలని గౌరవించలేదు. కళ్లకు కనిపించిన మనిషిని బట్టి నోట్లోంచి ఆ మాట అలా వచ్చేసింది. వస్తాదు రెండడుగులు వెనక్కి జరిగి చూసేది ఏమిటో ఆ పిల్లవాడు ఒక్క మాటలో చెప్పాడు. నేను జవాబు చెప్పలేకపోయాను. ఆ తర్వాత వాడు కొన్నాళ్లు ప్రాక్టీసుకు వచ్చాడు. మెల్లగా మానేశాడు.

ఆ అవతలి కుర్రవాడి కాగితం అబద్ధమని నేను ఈ రోజుకూ అనను. అబద్ధం కాకపోయుండొచ్చు. మగపిల్లలు సాధారణంగా పదమూడు, పద్నాలుగేళ్ల మధ్య ఎత్తు వేగంగా పెరుగుతారు. కండబలం ఆ తర్వాత వస్తుంది. ఇది సగటు మాట. ఒకడికి పదకొండేళ్లకే మొదలవుతుంది, ఇంకొకడికి పదిహేను దాటాక. ఒకే రోజు పుట్టిన ఇద్దరు పదమూడేళ్ల పిల్లల ఎముకల ఎదుగుదలలో మూడు నాలుగేళ్ల తేడా ఉండొచ్చు. ఇద్దరూ ఆరోగ్యవంతులే. ఆడపిల్లల్లో ఈ మార్పు ఒకటి రెండేళ్లు ముందే వస్తుంది కాబట్టి వాళ్ల ఆటలో ఈ చిక్కు ఇంకా చిన్న తరగతుల్లోనే ఎదురవుతుంది.

రైతులకు ఈ సంగతి నేను చెప్పనక్కర్లేదు. ఒకే రోజు ఒక మడిలో ఎంటీయూ 1010 రకం, పక్క మడిలో సాంబ మసూరి నారు పోశారనుకోండి. 1010 నాలుగు నెలలకు కోతకొస్తుంది. సాంబకు అయిదు నెలలు కావాలి. నూట ఇరవయ్యో రోజున గట్టు మీద నిలబడి, పచ్చగా ఉన్న సాంబను చూసి ఇది పండదు, దున్నేద్దాం అనే రైతు ఎవరైనా ఉంటారా? పిల్లల ఆటల్లో మనం ఏటా చేస్తున్నది ఆ పనే. పద్నాలుగో ఏట ఓడిన పిల్లవాణ్ని చూసి వీడి వల్ల కాదంటున్నాం.

ఇది మన దగ్గరే కాదు. కెనడాలో ఐస్ హాకీకి వయసు గీత జనవరి 1. 1980లలో రోజర్ బార్న్స్‌లీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పేరున్న ఆటగాళ్లు ఏ నెలల్లో పుట్టారో లెక్క తీశాడు. ఏడాది మొదటి నెలల్లో పుట్టినవాళ్లు ఎక్కువ, చివరి నెలల్లో పుట్టినవాళ్లు తక్కువ. జనవరి పిల్లల రక్తంలో హాకీ ఏమీ లేదు. చిన్నప్పుడు పది నెలలు పెద్దవాడు కాస్త బలంగా కనిపించాడు, కోచ్ ఎంచుకున్నాడు. ఎంచుకున్నవాడికి మంచి శిక్షణ, ఎక్కువ ఆటలు దొరికాయి. కొన్నేళ్లకు వాడు నిజంగానే మంచి ఆటగాడయ్యాడు. మన హకీంపేట క్రీడా పాఠశాలలో నాలుగో తరగతికే పిల్లల్ని ఎంపిక చేస్తారు. ఎత్తు, బరువు, పరుగు, జంప్ కొలుస్తారు. తొమ్మిదేళ్ల వయసులో పది నెలలంటే చాలా పెద్ద తేడా. పువ్వు పుట్టగానే పరిమళిస్తుందంటాం. పారిజాతం పరిమళం కావాలంటే మాత్రం చీకటి పడేదాకా ఆగాలి.

ఇంతవరకూ చెప్పింది ప్రకృతి పెట్టిన తేడా. దానికి ఎవర్నీ తప్పుపట్టలేం. రెండో తేడా మనం పెట్టేది. తూకం మిషన్ మీద పిల్లవాడే నిలబడతాడు. వయసు దగ్గరికి వచ్చేసరికి పిల్లవాడి బదులు కాగితం నిలబడుతుంది.

మన ఊళ్లలో మా తరం వాళ్లందరికీ రెండు పుట్టినరోజులు. అమ్మ చెప్పేది ఒకటి, బడి రికార్డులో ఉన్నది ఇంకొకటి. అమ్మ వానల లెక్కో పండగ లెక్కో చెబుతుంది. బడిలో చేర్చిన రోజు పంతులుగారు అయిదేళ్లు నిండేలా జూన్‌లోనో జూలైలోనో ఒక తేదీ వేస్తారు. అది పదో తరగతి సర్టిఫికెట్‌లోకి ఎక్కి, ఉద్యోగం దాకా వస్తుంది. ఆ రోజుల్లో అందులో మోసం లేదు, అజాగ్రత్త ఉంది. కాకపోతే ఆ అజాగ్రత్త ఒక అలవాటును మిగిల్చింది. పుట్టిన తేదీ అంటే రాసుకునేది అని, మన వీలునుబట్టి జరుపుకోవచ్చు అని.

ఒక ఏడాది బడి మారుతున్న ఒక కుర్రవాడి తండ్రి నా దగ్గరికి వచ్చాడు. కూలి పని చేసుకునే మనిషి. కొడుకు బాగా కుస్తీ పడతాడు. "సార్, మా పోరనికి రెండేండ్లు తక్కువ రాయించుండ్రి. మీరు చెప్తే పెద్దసారు కాదనడు" అన్నాడు. నేను కుదరదన్నాను. "ఎవలకు నష్టం సార్? ఒక్క సర్టిఫికెట్ వస్తే వాని బతుకు బాగుపడ్తది గదా" అన్నాడు. ఆయన ముఖంలో దురాశ లేదు. స్పోర్ట్స్ కోటాలో సీటు, తర్వాత ఒక ఉద్యోగం, అంతే ఆయన కల. అప్పుడు నేను బస్సులో కిటికీ పక్కన కూర్చున్న పిల్లవాడి సంగతి చెప్పాను. "నష్టం వాడికి అన్నా. నీ కొడుక్కి వచ్చే రెండేళ్లు ఎక్కడినుంచో ఊడిపడవు. ఇంకో కూలీ కొడుకు దగ్గర నుంచి తీసుకోవాలి" అన్నాను. ఆయన ఏమీ అనలేదు. కొడుకును తీసుకుని వెళ్లిపోయాడు.

ఆ కొడుక్కీ నష్టమే అన్నది ఆ రోజు నాకు తట్టలేదు. తర్వాత ఎంతోమంది పిల్లల్ని చూశాక అర్థమైంది. వయసు దాచినవాడు బలంతో గెలుస్తాడు. బలంతో గెలుస్తున్నంత కాలం పట్టు నేర్చుకోవాల్సిన అవసరం వాడికి కనిపించదు. ఎదుటివాడి అడుగు చూసి, ఊపిరి పసిగట్టి, వాడి బరువునే వాడి మీదికి తిప్పే విద్య రాదు. ఇరవై ఏళ్లు దాటేసరికి అందరూ ఎదిగిన మగవాళ్లే. అప్పుడు వాడి దగ్గర ఉన్న ఒక్క ఆయుధం అందరి దగ్గరా ఉంటుంది.

ఈ మోసాన్ని ఆపడానికి మన దేశంలో ప్రయత్నాలు లేకపోలేదు. 2010లో కేంద్ర క్రీడా మంత్రిత్వ శాఖ వయసు మోసాల నివారణకు జాతీయ నియమావళి తెచ్చింది. 2025 ఆగస్టులో భారత రెజ్లింగ్ సమాఖ్య తప్పుడు జనన ధ్రువపత్రాలు ఇచ్చారని 11 మంది మీద సస్పెన్షన్ వేటు వేసింది. అనుమానం వచ్చినప్పుడు ఎముకల పరీక్ష చేస్తారు. ఎడమ చేతి మణికట్టుకు ఎక్స్‌రే తీసి, ఎముకల చివరలు ఎంతవరకు కలిశాయో చూసి లెక్కగడతారు. టానర్, వైట్‌హౌస్ అనే ఇద్దరి పేరుమీద ఉన్న పద్ధతి అది. మూడో రూపం కాబట్టి టీడబ్ల్యూ 3 అంటారు.

ఆ పరీక్షకూ హద్దులున్నాయి. అది చెప్పేది ఎముక వయసు. పుట్టి ఎన్నేళ్లయిందో ఎముక మీద రాసి ఉండదు. త్వరగా ఎదిగిన నిజాయతీపరుడు పెద్దవాడిలా కనిపిస్తాడు. ఆలస్యంగా ఎదిగిన అబద్ధాలకోరు చిన్నవాడిలా దాటిపోతాడు. పైగా ఆ పద్ధతిలో మగపిల్లలకు పదహారున్నర, ఆడపిల్లలకు పదిహేను దగ్గర లెక్క ఆగిపోతుంది. ఆపైన పద్దెనిమిదైనా, ఇరవై రెండైనా ఎక్స్‌రే ఒకలాగే ఉంటుంది. కాబట్టి అది అనుమానాన్ని లేపడానికి పనికొస్తుంది. ఒక పిల్లవాడి మీద తీర్పు చెప్పడానికి అదొక్కటే చాలదు. ఎదగడంలో ముందున్నందుకు ఏ పిల్లవాణ్నీ దొంగలా నిలబెట్టకూడదు. అది ఇంకో అన్యాయం.

ఇంతకీ ఏం చేద్దాం? గీత తీసేద్దామా? తీసేస్తే బలవంతుడి రాజ్యం. గీతను జనవరి నుంచి జూన్‌కు మారుద్దామా? అప్పుడు నష్టపోయే పిల్లలు మారతారు, నష్టం మారదు. గీత ఉండాలి. రెజ్లర్ అంతిమ్ పంఘాల్ లాంటివాళ్లు ఆ గీతకు చిన్నవైపు నిలబడి కూడా గెలిచారు కదా అని ఎవరైనా అనొచ్చు. నిజమే. 2022లో సోఫియాలో 20 ఏళ్లలోపు ప్రపంచ పోటీల్లో 53 కిలోల విభాగంలో స్వర్ణం గెలిచేనాటికి ఆమెకు పద్దెనిమిది నిండలేదు. ఆ టైటిల్ గెలిచిన తొలి భారతీయ మహిళ ఆమే. మరుసటి ఏడాది మళ్లీ గెలిచింది. ఆమెకు జేజేలు. అయితే నియమాలు పెట్టేది ఒక్క అంతిమ్ కోసం కాదు. న్యాయం దొరకడానికి ప్రతి పిల్లా అంతిమ్ అయి తీరాలంటే అది న్యాయం కాదు.

నాకు తోచిన మూడు మాటలు చెబుతాను.

మొదటిది తల్లిదండ్రులకు. బిడ్డ పుట్టిన 21 రోజుల్లోగా జననం నమోదు చేయించండి. అప్పుడు రుసుము ఉండదు, తిరుగుడు ఉండదు. ఏడాది దాటితే అధికారి ఉత్తర్వు కావాలి. ఆలస్యమైన ఆ దారిలోనే అబద్ధాలకు చోటు దొరుకుతుంది. 2023లో సవరించిన చట్టం ప్రకారం ఆ ఏడాది అక్టోబర్ 1 నుంచి పుట్టిన పిల్లలకు జనన ధ్రువపత్రమే పుట్టిన తేదీకి ఆధారం. ఇప్పుడు ఉయ్యాలలో ఉన్న ఆ పిల్లలు మ్యాట్ ఎక్కేనాటికి ఒకే ఒక్క పుట్టినరోజుతో రావాలి.

రెండోది నాలాంటి వ్యాయామ ఉపాధ్యాయులకు, కోచ్‌లకు. పోటీల్లో నియమం నియమమే. మన ప్రాక్టీసు మాత్రం మన చేతిలో ఉంది. అక్కడ జోడు చూసి కలపండి. ఎత్తు ఎంత పెరిగింది, గొంతు మారిందా, ఎన్నేళ్లుగా ఆడుతున్నాడు, అన్నీ చూడండి. చిన్న పోటీల్లో ఒక్కసారి ఓడితే ఇంటికి పంపే పద్ధతి వద్దు. నలుగురైదుగురు సరిజోళ్లను ఒక గుంపు చేసి అందరితో అందరినీ ఆడించండి. పది గంటలు బస్సెక్కి వచ్చిన పిల్లవాడు ఒక్క నిమిషం ఆడి వెళ్లకూడదు. ముందుగా ఎదిగినవాడికి అప్పుడప్పుడు తనకంటే పెద్దవాళ్లతో పట్టించండి, పట్టు నేర్చుకుంటాడు. ఆలస్యంగా ఎదిగేవాణ్ని పదిహేడేళ్ల దాకా పోనివ్వకండి.

మూడోది ప్రభుత్వాలకు, క్రీడా సంఘాలకు. పద్నాలుగేళ్ల పిల్లవాడి పతకం మీద సీటు, నౌకరీ ఆధారపడేలా పెట్టినంతకాలం ఆ తండ్రి నా దగ్గరికి వస్తూనే ఉంటాడు. చిన్న విభాగాల్లో పతకం ఒక ఆనందంగా మిగలాలి. దాని విలువ పెంచాల్సింది ఇరవై ఏళ్లు వచ్చాక. అప్పటికి ప్రకృతి అందరికీ ఇవ్వాల్సింది ఇచ్చేసి ఉంటుంది.

బస్సులో ఆ పిల్లవాడు అడిగిన ప్రశ్నకు ఆ రోజు నేను జవాబు చెప్పలేదు. ఈ రోజు చెబుతున్నాను. నాయనా, కాగితం మీద ఆయనకూ నీ వయసే. నీకు ఆయన జోడు కాదు. ఓడింది నువ్వు కాదు, నీకు జోడు చూపించలేని మేము.

ఓటమి పిల్లలకు చెడ్డది కాదు. కుస్తీ నేర్పే మొదటి పాఠం వీపుకు మట్టి అంటుకోవడమే. కాకపోతే ఓడిన పిల్లవాడు లేచి, దుమ్ము దులుపుకుని, ఎదుటివాణ్ని చూసి 'వాడు' అనగలగాలి. "వాడు ఈసారి గెలిచాడు సార్, వచ్చే జాతరకు నేను గెలుస్తా" అనగలగాలి. ఆ ఒక్క మాట వాడి నోట వస్తే చాలు, మనం గీసిన గీత సరైన చోటే ఉన్నట్టు.